తొంభై ఏడు శాతం గైర్హాజరు

మా కేన్సర్ ఆస్పత్రిలో రికార్డు సెక్షన్ నాది. ఇరవై రెండేళ్ళ సర్వీసు. నా బల్ల మీది ఫ్యాను రేపు తిరుగుతుందో లేదో ఇవాళ చెప్పగలిగినవాడు ఈ ఇరవై రెండేళ్ళలో ఒక్కడూ కనబడలేదు. అలాంటి ఆస్పత్రికి, ఏ రోగి వస్తాడో ఏ రోగి మానేస్తాడో మూడు వారాల ముందే చెప్పే యంత్రం మంజూరైంది. దాని పేరు ‘ముందుచూపు’. మేము అడగకుండా మాకు వచ్చినది అదొక్కటే. అడిగినవి ఇంకా రావాలి.

న్యాయంగా చెప్పుకోవాలంటే దాన్ని తయారుచేసినవాళ్ళ ఉద్దేశం మంచిదే. మా రోగుల్లో చాలామందికి మందు మూడు వారాలకొకసారి, ఆరుసార్లు ఎక్కించాలి. రెండోసారికి జుట్టు పోతుంది, మూడోసారికి ఓపిక పోతుంది, నాలుగోసారికి మనిషి రావడం మానేస్తాడు. ఎవరు మానేస్తారో ముందే తెలిస్తే ఫోన్ చేసి, బస్సు పాసు ఇప్పించి, నాలుగు మంచి మాటలు చెప్పి రప్పించుకోవచ్చు. అందుకని మా పాత రికార్డులన్నీ ఆ యంత్రానికి మేపారు. అది మానేసేలా ఉన్నవాళ్ళ పేరు పక్కన ఎర్రచుక్క, తప్పకుండా వచ్చేవాళ్ళ పేరు పక్కన పచ్చచుక్క పెడుతుంది. ఎర్రచుక్కవాళ్ళకి ఫోన్లు చెయ్యాలని సర్క్యులర్ మొదటి పేజీలో ఉంది. అంచనాలు ఎంత శాతం నిజమైతే ఆస్పత్రికి అంత మంచి ర్యాంకు అని రెండో పేజీలో ఉంది. మా ఆఫీసులో సర్క్యులర్లని వెనక పేజీ నుంచి చదవడం ఆనవాయితీ.

మేపిన రికార్డులన్నీ నా చేతి రాతే కాబట్టి నా పని గురించి కూడా చెప్పాలి. ఉదయం ఎనిమిదికి హాజరు రిజిస్టరు తెరుస్తాను. వచ్చిన రోగి పేరుకి ఎదురుగా టిక్కు. పదకొండు కొట్టగానే ఖాళీగా మిగిలిన గడుల్లో గైర్హాజరుకి గుర్తుగా ‘గై’ అని రాసి, సూపరింటెండెంట్ గారి సంతకానికి పంపుతాను. సంతకం పడిన పేజీ మీద ఈగ వాలినా సంజాయిషీ రాసుకోవాలి. ఆ తరవాత వచ్చినవాళ్ళని హెడ్ నర్సు సుగుణమణి గారు లోపల కూర్చోబెట్టి, మందు ఎక్కించి, తన నోటుబుక్కులో రాసుకుంటారు. అట్ట మీద గులాబీ పువ్వు ఉన్న మామూలు నోటుబుక్కు అది. అచ్చు ఫారం కాదు కాబట్టి దాన్ని ఎవరూ రికార్డు అనరు. నా రిజిస్టరులో మాత్రం పదకొండేళ్ళుగా ఒక్క కొట్టివేత లేదు. రిటైరయ్యేనాడు సన్మానంలో ఎవరైనా ఆ మాట ఎత్తితే బాగుండునని నాకో చిన్న కోరిక.

మొదటి నెల మేము అమాయకంగా ఎర్రచుక్కవాళ్ళందరికీ ఫోన్లు చేశాం. వాళ్ళు వచ్చారు. నెలాఖరుకి మా ఖచ్చితత్వం డెబ్భై ఒక్క శాతమని తేలింది. పక్క జిల్లా ఆస్పత్రికి ఎనభై మూడు. మొగుడు కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందట వెనకటికొకావిడ. మా సూపరింటెండెంట్ డాక్టర్ త్రినాథరావు గారికి ఆ ఎనభై మూడే కంట్లో నలకైంది. ఆయన మంచి డాక్టరు. సూపరింటెండెంట్ కాకముందు చాలామందిని బతికించారు.

ఆయన వెంటనే సమావేశం పెట్టి సమస్యని విశ్లేషించారు. “ఎర్రచుక్క రోగుల్ని మనమే పిలుస్తున్నాం. పిలిస్తే వస్తున్నారు. వస్తే అంచనా తప్పుతోంది. అంటే రాజధాని నుంచి వచ్చిన అంచనాల్ని మన సిబ్బందే మన ఫోను బిల్లుతో ధ్వంసం చేస్తున్నారన్నమాట,” అన్నారు. అందులో తప్పు ఎవరికీ కనబడలేదు. నాక్కూడా కనబడలేదు. మినిట్సులో శ్రద్ధగా రాసుకున్నాను. మర్నాటి నుంచి ఫోన్లు ఆగిపోయాయి. శాతం ఎనభై నాలుగైంది.

తరవాత పచ్చచుక్కల మీద దృష్టి పెట్టాం. తప్పకుండా వస్తారని తెలిసినవాళ్ళు వచ్చేదాకా ఆగడం ఎందుకని, ఉదయం ఎనిమిదికే వాళ్ళందరికీ హాజరు వేసెయ్యమన్నారు. తొంభై ఒకటైంది. ఇక మిగిలింది పిలవకపోయినా వచ్చేసే మొండి ఎర్రచుక్కలు. రానివాళ్ళకి మందు తెప్పించడం, కుర్చీ కేటాయించడం ప్రజాధన దుర్వినియోగమని జూలై మొదట్లో ఆర్డరొచ్చింది. ఒకవేళ వచ్చినా మందు లేదు గనుక వెనక్కి పోతారు, పోతే రానట్టే లెక్క. మా వార్డులో కుర్చీలు పన్నెండు. ఆ పన్నెండూ పచ్చచుక్కలవే అయ్యాయి. శాతం తొంభై అయిదు దాటింది. తొంభై అయిదు దాటిన ఆస్పత్రికి ‘ఆదర్శ అంచనా కేంద్రం’ అనే ఫలకం ఇస్తారు. గురువారం మధ్యాహ్నం పన్నెండింటికి పరిశీలన బృందం వస్తోందని కబురొచ్చింది.

ఆ గురువారమే దాలమ్మ వచ్చింది.

దాలమ్మది కొండవలస. జీడిపిక్కలు కొట్టే పని. రొమ్ము కేన్సరు. మూడుసార్లు మందు ఎక్కించుకుంది, ఆ రోజు నాలుగోసారి. తలకి తువ్వాలు చుట్టుకుని, చేతిలో రక్తపరీక్ష కాగితం, సంచిలో సద్దన్నం డబ్బా పట్టుకుని నా బల్ల ముందు నిలబడింది. నేను కంప్యూటర్ చూశాను. ఆవిడ పేరు పక్కన ఎర్రచుక్క ఉంది. రాకపోయే అవకాశం తొంభై ఏడు శాతం.

ఉద్యోగ ధర్మం కాబట్టి, ఆవిడ ఇవాళ రాలేదని ఆవిడకే తెలియజేశాను.

“నానొచ్చీసినాను కదా బాబూ,” అంది దాలమ్మ. “ఒచ్చినోల్ని ఎదర నిలబెట్టీసి రానేదంతారేటి?”

మంచి ప్రశ్నే గాని, దానికి జవాబిచ్చే హోదా నాకు లేదు. వచ్చినట్టు రుజువు కావాలంటే వేలిముద్ర వెయ్యాలన్నాను. వేసింది. వేలిముద్రల యంత్రం ఒప్పుకోలేదు. పది వేళ్ళూ వేసింది. జీడి పాలు తగిలి తగిలి వేళ్ళ మీద గీతలన్నీ ఎప్పుడో కాలిపోయాయి. మనిషి గుర్తించబడలేదు అని తెర మీద వచ్చింది. ఇలా కాదని ఆవిణ్ణి సూపరింటెండెంట్ గారి గదికి తీసుకెళ్ళాను.

ఆ గదిలో విశారద గారు ఉన్నారు. ముందుచూపుని మాకు నేర్పడానికి రాజధాని నుంచి వచ్చిన నిపుణురాలు. దాలమ్మని చూసి ఆవిడ కంగారుపడలేదు. పెద్ద చదువుల్లో ఉన్న సుఖం అదే. “వ్యక్తి స్థాయిలో ఈవిడ వచ్చి ఉండొచ్చు. జనాభా స్థాయిలో రాలేదు. మనకి ముఖ్యం జనాభా,” అని వివరించారు. త్రినాథరావు గారు తల పంకించి, దీన్ని అనధికార హాజరుగా పరిగణించి, సదరు రోగిని వచ్చే గురువారం రమ్మనవలసిందిగా నోట్ పెట్టమన్నారు. ఆ గురువారానికి కూడా ఎర్రచుక్కే కదా సార్ అన్నాను. అది ఆ గురువారం చూసుకుందామన్నారు.

అప్పుడు సుగుణమణి గారు లోపలికొచ్చారు. ఆవిడ ముప్ఫై ఏళ్ళుగా రోగుల్ని తప్ప సర్క్యులర్లని చూడని మనిషి. రక్తపరీక్ష కాగితం తీసుకుని చూశారు. “ఈవేళకి ఇరవై ఒక్క రోజులు సార్. లెక్కలన్నీ బాగున్నాయి. ఇప్పుడు ఎక్కించకపోతే ఇప్పటిదాకా ఎక్కించిన మూడూ దండగైపోగలవు. గడ్డ మన మీటింగుల కోసం ఆగదు,” అన్నారు. మందు లేదు కదమ్మా అన్నారు త్రినాథరావు గారు, మందు లేకుండా చేసింది ఎవరో పరాయివాళ్ళైనట్టు.

మందు లేకపోలేదు. ఏడో నంబరు కుర్చీ ఆ రోజు ఆస్పత్రి వెనక వీధిలో ఉండే రిటైర్డ్ తహసీల్దారు గారి భార్యది. అదే జబ్బు, అదే మందు. పచ్చచుక్క, తొంభై ఎనిమిది శాతం. ఉదయం ఎనిమిదికే హాజరు పడింది. ఆవిడేమో చెల్లెలి గృహప్రవేశానికి విశాఖపట్నం వెళ్ళారు. మందు సీసా మూత తియ్యకుండా ఫ్రిజ్‌లో ఉంది, కుర్చీ ఖాళీగా ఉంది. వచ్చిన మనిషికి హాజరు లేదు, హాజరున్న మనిషి రాలేదు. ఆ సీసా ఈవిడకి వాడి, ఆవిడకి మళ్ళీ తెప్పిద్దామన్నారు సుగుణమణి గారు. ఒక్క దెబ్బకి రెండు అంచనాలు తప్పుతాయని విశారద గారు లెక్క కట్టి చెప్పారు. తొంభై అయిదు కన్నా కిందికి దిగిపోతాం. ఫలకం కోసం గోడకి మేకు కూడా కొట్టేసి ఉంది. కావలిస్తే దాలమ్మకి తహసీల్దారు గారి భార్య పేరు మీద మందు ఎక్కించవచ్చునా అని త్రినాథరావు గారు కాస్త గొంతు తగ్గించి అడిగారు. సుగుణమణి గారు ఆయన వంక చూసిన చూపుకి ఆ ప్రతిపాదన అక్కడే ఆగిపోయింది.

ఈలోగా ఈ రాకపోవడానికి మూలకారణం ఏమిటో తెలుసుకోవడం మంచిదని విశారద గారు కంప్యూటర్‌లో వెతికారు. వయసు కాదు, జబ్బు ముదరడం కాదు, చదువు కాదు. యంత్రం పట్టుకున్న ఒకే ఒక్క కారణం ఊరు. కొండవలస, ఆ చుట్టుపక్కల పద్నాలుగు ఊళ్ళు. ఆ ఊళ్ళవాళ్ళు పదకొండేళ్ళుగా వైద్యానికి రారు. ఒక్కళ్ళు కూడా. ఆవిడ మొహం వెలిగిపోయింది. ఆ ప్రాంత సంస్కృతిలోనే వైద్య విముఖత ఉందని, దీని మీద ఒక అధ్యయనం, ఒక పరిశోధన పత్రం, పల్లెల్లో డప్పుల బృందంతో అవగాహన సదస్సులు అవసరమని చెప్పుకుపోయారు. ఎద్దు ఈనిందంటే దూడని గాటన కట్టెయ్యమన్నట్టు, త్రినాథరావు గారు డప్పులెన్ని కావాలో రాసుకోమన్నారు.

దాలమ్మ అంతా విని నా వైపు తిరిగింది. “మా బస్సొచ్చీసరికి రోజూ పదకొండు ఇరవై అవుతాది గదా బాబూ. పదకొండుకే బుక్కు మూసీసి మమ్మల్ని రానేదని రాసీసినారేమో సూసుకోండి. ఆ మిసను మాత్రం ఏటి సేస్తాది, మీరెట్టిందే తింతాది.”

పదకొండేళ్ళు. ఆ ఊళ్ళకి ఉన్నది ఒకటే బస్సు. అది దిగి పరుగెత్తుకుంటూ వచ్చినవాళ్ళని నేనే చూశాను. ‘గై’ రాసేశానమ్మా, వెనక నుంచి నర్సు గారి దగ్గరికి వెళ్ళండని నేనే చెప్పాను. వాళ్ళు వెళ్ళారు, మందు ఎక్కించుకున్నారు, గులాబీ పువ్వు నోటుబుక్కులోకి ఎక్కారు. నా రిజిస్టరులో మాత్రం గైర్హాజరయ్యారు. యంత్రం కొండవలస మనుషుల గురించి ఏమీ కనిపెట్టలేదు. నా కలం గురించి కనిపెట్టింది. అక్కడికక్కడ చెప్పెయ్యవలసింది. కాని పదకొండేళ్ళ కొట్టివేత లేని రిజిస్టరు నా నోరు నొక్కేసింది. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆ క్షణంలో నాకు దాలమ్మ కంటే నా సన్మానమే ముందు గుర్తొచ్చింది.

సరిగ్గా పన్నెండింటికి బృందం వచ్చింది. నాయకుడు నెరిసిన మీసాల పెద్దాయన, నెమ్మదస్తుడు. త్రినాథరావు గారు దండలు వేయించి, వార్డు చూపించారు. పెద్దాయన ఏడో నంబరు కుర్చీ దగ్గర ఆగి, ఇది ఖాళీగా ఉందేమని అడిగారు. అందులో రోగి ఉన్నారని, ఉదయం ఎనిమిది నుంచీ ఉన్నారని త్రినాథరావు గారు రికార్డు చూపించారు. పెద్దాయన కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశారు. కుర్చీ పక్కన గోడకి ఆనుకుని, సంచి ఒళ్ళో పెట్టుకుని దాలమ్మ నేల మీద కూర్చుని ఉంది.

“ఈవిడెవరు?” అన్నారాయన.

“ఈవిడ రాలేదు సార్,” అన్నారు త్రినాథరావు గారు.

ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే బహుశా నేను మాట్లాడేవాణ్ణి కాను. దాలమ్మ పొద్దున్న నాలుగింటికి లేచి, కొండ దిగి, బస్సెక్కి వచ్చిన మనిషి. పెద్దమనుషులు ఎదురుగా నిలబడి తను లేదని చెప్పుకుంటుంటే, నిజంగానే లేనేమో అన్నట్టు తన చేతుల వైపు చూసుకుంది. అది నేను భరించలేకపోయాను. రిజిస్టరు తెచ్చి, ఆ రోజు పేజీ తెరిచి, సంతకం పడిన చోట, దాలమ్మ పేరుకి ఎదురుగా ఉన్న ‘గై’ మీద అడ్డంగా గీత కొట్టాను. పక్కన ‘వచ్చింది’ అని రాశాను. తరవాత పదకొండు గంటల సంగతీ, బస్సు సంగతీ, పువ్వుల నోటుబుక్కు సంగతీ అన్నీ చెప్పేశాను.

వార్డులో చిన్న సభ మొదలైంది. పాత రికార్డులు సవరిస్తే అంచనాలన్నీ కూలిపోతాయని విశారద గారు. సవరించకపోతే ఏమవుతుందని పెద్దాయన. మధ్యేమార్గంగా ఆ బస్సునే సాయంత్రానికి మార్చమని డిపో మేనేజరుకి లేఖ రాస్తే, కొండవలసవాళ్ళు నిజంగానే రారు కాబట్టి రికార్డులూ నిలుస్తాయి, శాతమూ నిలుస్తుందని త్రినాథరావు గారు. లేఖ నకలు ఎవరెవరికి పంపాలన్న దాకా వెళ్ళింది చర్చ. మాటలు అలా నడుస్తుండగానే సుగుణమణి గారు డ్యూటీ డాక్టరు చేత బరువు చూపించి, మోతాదు రాయించి, దాలమ్మని ఏడో నంబరు కుర్చీలో కూర్చోబెట్టి సూది గుచ్చేశారు. సభ ముగిసేసరికి సెలైను సగమైంది.

మాకు ఫలకం రాలేదు. గోడకి కొట్టిన మేకుకి సుగుణమణి గారు క్యాలెండర్ తగిలించారు. సంతకమైన పేజీలో కొట్టివేత చేసినందుకు నాకు మెమో వచ్చింది. సర్వీసులో అదే మొదటిది, దాన్ని జాగ్రత్తగా ఫైల్లో పెట్టుకున్నాను.

అయితే ఆ పెద్దాయన వెళుతూ వెళుతూ పాత రికార్డులన్నీ సరిచేసి మళ్ళీ మేపమని రాసిచ్చి వెళ్ళారు. విశారద గారిని తక్కువ అంచనా వేశానని ఒప్పుకోవాలి. డప్పుల మాట మళ్ళీ ఎత్తకుండా, పన్నెండు రోజులు నా ఎదురుగా కూర్చుని, ఇరవై ఆరు పువ్వుల నోటుబుక్కుల్ని నా రిజిస్టర్లతో పేరు పేరునా పోల్చారు. తేలినదేమంటే, జిల్లా మొత్తం మీద వైద్యం మానకుండా వచ్చేవాళ్ళలో ముందున్నది కొండవలస బస్సువాళ్ళే. ఈ ఏడాది నిజంగా మధ్యలో మానేసినవాళ్ళు నలభై మూడు మంది, నానా ఊళ్ళవాళ్ళు. వాళ్ళలో చాలామంది మేము ఫోన్లు ఆపేశాక మానేసినవాళ్ళే.

నలభై మూడు ఫోన్లూ నేనే చేశాను. ఇరవై తొమ్మిది మంది మళ్ళీ వచ్చారు. ఒక నంబరుకి ఒకాయన ఎత్తి, “అమ్మ పోయి నెల్లాళ్ళయింది బాబూ. మీరు పిలుస్తారని సూసింది,” అన్నాడు. కోపంగా అనలేదు. అందుకే ఆ మాట ఇంకా చెవిలో ఉంది. ఫోను పెట్టేశాక నా మీద నాకే అసహ్యం వేసింది. ఫోన్లు ఆపాలన్న తీర్మానం నేనే శ్రద్ధగా రాశాను కదా.

ఇప్పుడు రిజిస్టరు పదకొండింటికి మూయడం లేదు. బస్సు వచ్చే వేళకి దాన్ని పట్టుకుని గేటు దగ్గర నిలబడుతున్నాను. సరిచేసిన రికార్డులు యంత్రానికి ఇంకా మేపలేదు కాబట్టి కొండవలసవాళ్ళకీ ఎర్రచుక్కే. యంత్రం ఎర్రచుక్క పెడుతుంది, మేము వెంటనే ఫోన్ చేస్తాం, మనిషి వస్తాడు, అంచనా తప్పుతుంది. ఖచ్చితత్వం ముప్ఫై ఎనిమిది శాతానికి దిగింది. రాష్ట్రంలో మాదే ఆఖరి స్థానం. ఎర్రచుక్క పొందిన రోగులు ఏ కారణముల చేత హాజరగుచున్నారో, అట్టి పరిస్థితికి బాధ్యులెవరో మూడు రోజుల్లోగా తెలియజేయవలసిందని పైనుంచి తాఖీదు వచ్చింది. జవాబు రాసుకు రమ్మని త్రినాథరావు గారు నాకు పురమాయించారు.

నేను ‘పై విషయమై మనవి చేయునదేమనగా’ అని మొదలుపెట్టి రెండు పేజీలు నింపాను. ఆ రోజు దాలమ్మకి ఆరోసారి, ఆఖరిసారి. కుర్చీ ఖాళీ అయ్యేదాకా నా బల్ల దగ్గర కూర్చుంది. తలమీద తువ్వాలు కింద నుంచి జీలకర్రంత జుట్టు మొలుస్తోంది. నేను రాసినదాన్ని ఆవిడకి చదివి వినిపించాను. ఓపిగ్గా చివరిదాకా వింది.

“ఇంత రాతెందుకు బాబూ. పిలిసినాం, ఒచ్చినారు అని రాసీ,” అంది.

రెండు పేజీలూ చింపేసి అంతే రాశాను. త్రినాథరావు గారు దాన్ని రెండుసార్లు చదివారు. కిటికీలోంచి వార్డు వైపు చూసి సంతకం పెట్టారు. పైనుంచి ఇంకా సమాధానం లేదు. పన్నెండు కుర్చీలూ నిండిపోయి జనం బెంచీల మీద ఎదురుచూస్తుంటే, ఇంకో నాలుగు కుర్చీలు కావాలని నిన్న మళ్ళీ అర్జీ పెట్టాను.